ఈత కొలనుకు స్పైన్ బోర్డు కిట్: ఏ ముక్క పనికొస్తుంది, ఏది అక్కర్లేదు

స్పైన్ బోర్డు కిట్ అని సర్జికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నది నిజానికి నాలుగు వస్తువులు. ఆరడుగుల ప్లాస్టిక్ పలక, దానికి బెల్టులు, తల కదలకుండా రెండు పక్కలా పెట్టే హెడ్ బ్లాకులు, మెడకు వేసే కాలర్. అపార్ట్‌మెంట్ పూల్స్ వాళ్లు, ఫామ్‌హౌస్‌లు అద్దెకిచ్చేవాళ్లు, ఈత నేర్పే అకాడమీల వాళ్లు వీటిని కొంటున్నారు. కొనడం మంచిదే. కాకపోతే ఈ కిట్లలో ఎక్కువ భాగం రోడ్డు ప్రమాదాల కోసం, పొడి నేల మీద వాడటానికి కూర్చినవి. నాలుగడుగుల నీళ్లలో మెడ దెబ్బతిని తేలుతున్న మనిషిని గట్టెక్కించడానికి కావలసిన లక్షణాలు వేరు. ఆ తేడా చెప్పి అమ్మేవాళ్లు తక్కువ.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నీళ్ల మీద తేలే హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) బోర్డు తప్పకుండా కొనండి. బెల్టులు కిట్‌తో వచ్చినవే వాడాలని లేదు, చాలాసార్లు మార్చుకోవాలి. హెడ్ బ్లాకులు నీళ్లు పీల్చనివి అయితేనే తీసుకోండి. కాలర్ మీద డబ్బు పెట్టకండి. ప్లైవుడ్ బోర్డు ఎంత చవకగా వచ్చినా వద్దు. కారణాలు ఒక్కొక్కటిగా రాస్తున్నాం.

ముందు తలతో దూకినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ సామానులో దేనికెంత విలువో అర్థమవుతుంది. తల నేలకు తగిలి ఆగిపోతుంది. వెనక నుంచి వస్తున్న ఒంటి బరువు ఆగదు. ఆ రెండింటి మధ్యా మెడ నలుగుతుంది. దూకేటప్పుడు గడ్డం కొంచెం లోపలికి వంచుతారు కాబట్టి మెడకు మామూలుగా ఉండే వంపు పోయి, పూసలన్నీ ఒకే నిటారు వరసలోకి వస్తాయి. అప్పుడు పడే బరువు సుద్దముక్కను నిలువునా నొక్కినట్టు పడుతుంది. ఎక్కువగా పగిలేది ఐదో మెడపూస, సి-5. పగిలిన ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కుతుంది. సి-5 దగ్గర వెన్నుపాము దెబ్బతింటే భుజం, మోచెయ్యి కొంత కదులుతాయి గాని వేళ్లు, కాళ్లు కదలవు. అంతకంటే పైన, సి-3, సి-4 దగ్గర అయితే ఊపిరి ఆడించే డయాఫ్రంకే నరాల నుంచి ఆదేశం అందదు.

వేగం గురించి చాలామందికి తప్పుడు అంచనా ఉంటుంది. ఒక మీటరు ఎత్తు నుంచి పడితే నీళ్లను తాకేటప్పటికి వేగం గంటకు 16 కి.మీ. ఉంటుంది. మూడు మీటర్లైతే 28, ఐదు మీటర్ల బావి ఒడ్డు నుంచైతే 36, పది మీటర్ల నుంచైతే 50. నీళ్లు ఆ వేగాన్ని తగ్గిస్తాయి గాని, నాలుగడుగుల లోతులో తగ్గేంత దూరం ఉండదు. చేతులు తలకు ముందు చాచి, వేళ్లు కలిపి గట్టిగా పట్టుకున్నవాడికి కనీసం చేతులు ముందు నేలను తాకుతాయి. చేతులు పక్కలకు వదిలేసినవాడికి, ఇంకొకరు తోస్తే పడినవాడికి ఆ రక్షణ కూడా లేదు.

అందుకే బోర్డు కంటే ముందు లోతు చూసుకోండి. అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ నిబంధనల ప్రకారం స్టార్టింగ్ బ్లాకులున్న కొలనులో గోడ నుంచి 1 మీటరు మొదలుకొని 6 మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతుండాలి. అది కూడా ఏటవాలుగా, నీటి పైపొరలోనే దూసుకుపోవడం నేర్చుకున్న పోటీ ఈతగాళ్ల కోసం పెట్టిన కొలత. మామూలు జనం గట్టు మీది నుంచి తలతో దూకాలంటే 9 అడుగుల లోతుండాలని అమెరికన్ రెడ్ క్రాస్ చెబుతుంది. మూడు మీటర్ల స్ప్రింగ్ బోర్డు కింద కనీసం 3.7 మీటర్లు, పది మీటర్ల ప్లాట్‌ఫాం కింద కనీసం 4.5 మీటర్ల లోతు అడుగుతారు. మన అపార్ట్‌మెంట్లలో, ఫామ్‌హౌస్‌లలో కట్టేవి చాలావరకు మూడున్నర నుంచి ఐదడుగుల కొలనులు. అంటే వాటిలో ఏ మూల నుంచీ తలతో దూకే వీలు లేదు. ‘తలతో దూకరాదు’ అనే బోర్డు, గట్టు మీదా లోపలి గోడ మీదా పది సెంటీమీటర్ల ఎత్తు అంకెల్లో లోతు, బొమ్మతో సహా రాయించడానికి అయ్యే ఖర్చు స్పైన్ బోర్డు ఖర్చులో చిన్న వంతు. అది చేయించకుండా స్పైన్ బోర్డు కొన్న అసోసియేషన్ పని వెనకనుంచి మొదలుపెట్టినట్టే. రాత్రి పార్టీలకు కొలను అద్దెకిచ్చేవాళ్లు నీటి లోపలి దీపాలు వెలిగేలా చూసుకోవాలి. కొలను అడుగుభాగం కనిపించకపోతే నాలుగడుగులూ పదడుగులూ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి.

పలక

మార్కెట్లో దొరికే హెచ్‌డీపీఈ బోర్డులు దాదాపు ఒకే కొలతల్లో ఉంటాయి. పొడవు 183 సెం.మీ. అటూఇటూ, వెడల్పు 40 నుంచి 46 సెం.మీ., బరువు 6 నుంచి 8 కిలోలు. బరువు మోసే సామర్థ్యం అని చాలావాటి మీద 159 కిలోలు రాసి ఉంటుంది, అది 350 పౌండ్లకు లెక్కకట్టిన అంకె. అంకె ఒకటే అయినా బోర్డులన్నీ ఒకటి కావు. షాపులోనే రెండు స్టూళ్లను మీటరున్నర దూరంలో పెట్టించి, వాటి మీద బోర్డు వేయించి, ఎనభై కిలోల మనిషిని పడుకోబెట్టించండి. నడుము దగ్గర కంటికి కనిపించేలా వంగితే ఆ బోర్డు వద్దు. గట్టు అంచు మీది నుంచి లాగేటప్పుడు బరువంతా ఒక్కచోట పడుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ వంగుతుంది.

తేలడం గురించి తప్పకుండా అడగాలి. లోపల ఫోమ్ నింపినవీ ఉంటాయి, బోలుగా ఉండేవీ ఉంటాయి. రెండూ కొత్తలో తేలుతాయి. బోలు బోర్డు అతుకు దగ్గర సన్నగా చీలితే నీళ్లు లోపలికి చేరతాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అలాంటి బోర్డు నీళ్లలో ఒక పక్కకు ఒరుగుతుంది, మనిషి కిందికి తోస్తే సమంగా పైకి రాదు. కొలనుకు ఫోమ్ నింపినదే మంచిది. ఎక్స్‌రే దాని గుండా వెళ్తుందో లేదో కూడా అడగండి. వెళ్లేదైతే ఆసుపత్రిలో మనిషిని దించకుండానే ఫోటో తీయగలరు. లోపల లోహపు కడ్డీలు పెట్టి గట్టితనం తెచ్చిన బోర్డులతో ఆ సౌకర్యం పోతుంది.

చేతిపట్టు రంధ్రాలను ఎవరూ గమనించరు గాని అసలు కష్టం అక్కడే ఉంటుంది. బోర్డును చదునైన నేల మీద పెట్టి, తడి చేతులతో, వీలైతే గ్లౌజులు వేసుకుని, పక్కనున్న రంధ్రంలోకి నాలుగు వేళ్లు దూర్చి చూడండి. కింద పట్టీల్లాంటి ఎత్తు గీతలుండి బోర్డు నేల నుంచి రెండు మూడు సెంటీమీటర్లు లేచి ఉంటేనే వేళ్లు దూరతాయి. లేకపోతే మనిషి పడుకున్నాక ఎత్తడానికి వేళ్ల కణుపులు నేలకు రాసుకుని తోలు లేస్తుంది, ఆ నొప్పికి ఒకరు పట్టు వదిలితే బోర్డు ఒరుగుతుంది. కొన్ని బోర్డుల రంధ్రాల్లో బెల్టు కొక్కెం తగిలించడానికి చిన్న పిన్నులు అచ్చులోనే పోసి ఉంటాయి. కొలనుకు ఆ పిన్నులున్నవే తీసుకోండి. పిన్ను లేని బోర్డుకు బెల్టును రంధ్రంలోంచి చుట్టి తీయాలి, ఆ పని నీళ్లలో బోర్డు కింద చెయ్యి పెట్టి చెయ్యాల్సి వస్తుంది.

ప్లైవుడ్ బోర్డుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. వార్నిష్ ఎగిరిపోతుంది, అంచు ఉబ్బుతుంది, చివర్లు పేళ్లు లేస్తాయి, రక్తం పీల్చుకుంటే శుభ్రం కాదు.

బెల్టులు

కిట్‌తో ఎక్కువగా వచ్చేది స్పైడర్ స్ట్రాప్. నిలువుగా ఒక పట్టీ, దానికి అడ్డంగా రెండు వైపులా రంగురంగుల వెల్క్రో చేతులు. నేల మీద ఇది చక్కగా పనిచేస్తుంది, అంబులెన్స్ వాళ్లకు ఇష్టం. నీళ్లలో ఇది పెద్ద తలనొప్పి. పట్టీలన్నీ తేలి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, ఏది ఛాతీది, ఏది తొడది అని వెతుక్కునేలోపు తల పట్టుకున్నవాడి చేతులు అలిసిపోతాయి. పైగా తడిసిన వెల్క్రో పట్టు తగ్గుతుంది. దాని ముళ్లలో వెంట్రుకలు, టవల్ పీచు, సన్‌స్క్రీన్ జిడ్డు చేరితే ఇంకా తగ్గుతుంది.

కొలనుకు కావలసింది మూడు విడి నైలాన్ బెల్టులు. ఒక్కోటి ఒక్కో రంగు, పిన్నుకు తగిలే కొక్కెం, మధ్యలో నొక్కితే విడిపోయే బకిల్. బకిల్ ప్లాస్టిక్‌దైతే ఎండకు పెళుసుబారుతుంది, ఇనుముదైతే క్లోరిన్‌కు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దొరికితే అదే తీసుకోండి, దొరకకపోతే ప్లాస్టిక్‌ది తీసుకుని ఏడాదికోసారి మార్చండి. బెల్టు కొసను వెనక్కి మడిచి కుట్టించండి. కుట్టు లేని కొస తడి బకిల్‌లోంచి మొత్తం బయటికి జారిపోతే మళ్లీ దూర్చడం నీళ్లలో కుదిరే పని కాదు.

కట్టే వరస ఛాతీ, తుంటి, తొడలు, ఆ తర్వాతే తల. ముందు తల కట్టి తర్వాత ఒళ్లు కడితే, ఒళ్లు జరిగినప్పుడల్లా ఆ జరుగుడంతా మెడ మీదే పడుతుంది. ఛాతీ బెల్టు చంకల కింద ఎత్తుగా పోవాలి. చెయ్యి పెట్టి చూస్తే అరచెయ్యి కష్టంగా దూరేంత బిగువు చాలు. అంతకు మించి బిగిస్తే ఊపిరి ఆడదు. మెడ దెబ్బతిన్న మనిషి ఛాతీ కండరాలు పడిపోయి పొట్టతోనే ఊపిరి తీస్తుంటాడు కాబట్టి పొట్ట మీద బెల్టు అసలు వెయ్యొద్దు. తుంటి బెల్టు తుంటి ఎముకల మీద, తొడల బెల్టు మోకాళ్లకు పైన.

హెడ్ బ్లాకులు, కాలర్

హెడ్ బ్లాకుల్లో రెండు రకాలు. స్పాంజి మీద గుడ్డ కుట్టినవి, మూసిన కణాల ఫోమ్ మీద వినైల్ పూత పోసినవి. మొదటివి ఒక్కసారి మునిగితే తడి దిండు. బరువెక్కి ఒరిగిపోతాయి, ఆరడానికి రోజులు పడుతుంది, లోపల బూజు పడుతుంది. రెండోవే కొనండి. వాటిలోనూ చెవి దగ్గర గుండ్రటి రంధ్రం ఉన్నవి తీసుకోండి. చెవిలోంచి రక్తం గాని నీరులాంటి ద్రవం గాని కారుతుంటే కనిపిస్తుంది, మనిషికి మన మాటా వినిపిస్తుంది. నుదుటి పట్టీ కనుబొమ్మల మీదుగా పోవాలి. గడ్డం పట్టీ వెయ్యకండి. నీళ్లు మింగినవాళ్లు వాంతి చేసుకునే అవకాశం ఎక్కువ, గడ్డం కట్టేసి ఉంటే నోరు తెరుచుకోదు.

బ్లాకుల కింద వచ్చే పలుచని మెత్త పెద్దవాళ్లకు సరిపోతుంది. పిల్లలకు కాదు. ఎనిమిదేళ్లలోపు పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది కాబట్టి చదును బోర్డు మీద పడుకోబెడితే గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడ వంగుతుంది, ఊపిరి దారీ మూసుకుపోతుంది. అందుకు తల కింద మెత్త తీసేసి, భుజాల నుంచి తుంటి దాకా రెండు మూడు సెంటీమీటర్ల మందాన మడిచిన టవల్ వెయ్యాలి. పిల్లలు ఎక్కువగా వచ్చే కొలనులో ఆ టవల్‌ను ముందే మడిచి బోర్డుకు కట్టి ఉంచండి.

ఇక కాలర్. గట్టి కాలర్ మంచిదో కాదో అని వైద్యులే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ప్రథమ చికిత్స చేసేవాళ్లు మామూలుగా కాలర్ వెయ్యొద్దని, అత్యవసర చికిత్స పద్ధతులను సమీక్షించే అంతర్జాతీయ సంఘం ఐఎల్‌సీఓఆర్ 2015లో సూచించింది. సైజు తప్పితే అది మెడను సాగదీస్తుంది లేదా వంచుతుంది. మెడ సిరల మీద ఒత్తిడి పెరుగుతుంది, నోరు తెరుచుకోదు. తడి ఒంటి మీద, నీళ్లలో, కంగారులో కాలర్ సైజు కొలిచి వెయ్యడం అలవాటు లేనివాళ్ల పని కాదు. పూల్ సిబ్బంది చేతులే తలను పట్టుకుని ఉంచాలి. కాలర్ వెయ్యాలో లేదో 108లో వచ్చే సిబ్బంది చూసుకుంటారు. మెత్తటి స్పాంజి కాలర్ అయితే మెడను ఆపనే ఆపదు. కిట్‌లోంచి కాలర్ తీసేసి, ఆ డబ్బుకు అదనంగా ఒక బెల్టుల సెట్టు ఇమ్మని అడగండి.

నీళ్లలో బోర్డు వాడే తీరు

బోర్డు ఎంత మంచిదైనా దాన్ని వాడే చేతులు కనీసం ముగ్గురివి కావాలి, నలుగురైతే సుఖం. ఇద్దరే ఉంటే బోర్డు ఎత్తే ఆలోచన మానుకుని, ఒకరు నీళ్లలోనే తలను పట్టుకుని తేలుస్తూ ఉండాలి, రెండోవారు 108కు ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆడుతున్న మనిషిని నీళ్లలో తేలుస్తూ ఉంచడం వల్ల చెడేదేం లేదు, చలి తప్ప.

గుర్తుపట్టడంలోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. మెడ దెబ్బతిన్నవాడికి స్పృహ ఉండొచ్చు, కానీ ఒళ్లు కదలక నీళ్లలో బోర్లా తేలుతుంటాడు. తోటివాళ్లు ఊపిరి బిగబట్టి ఆట ఆడుతున్నాడని అనుకుంటారు. దూకినవాడు పైకొచ్చి తల ఎత్తకపోతే వెంటనే వెళ్లాలి. మాట్లాడుతుంటే మెడనొప్పి, చేతుల్లో సూదులు గుచ్చినట్టు ఉండటం, వేళ్లు మొద్దుబారడం అడగాలి. నుదుటి మీద, మాడు మీద గీరుకుపోయిన గాయం కనిపిస్తే తల నేలకు కొట్టుకుందని అర్థం. నాడి నెమ్మదిగా ఉండి ఒళ్లు వెచ్చగా ఉండటం కూడా వెన్నుపాము దెబ్బకు గుర్తే. రక్తం పోయినవాళ్లకు దీనికి విరుద్ధంగా ఒళ్లు చల్లబడి నాడి వేగంగా కొట్టుకుంటుంది.

బోర్లా ఉన్న మనిషిని తిప్పే పద్ధతి ఇది. పక్క నుంచి అలలు లేపకుండా చేరండి. ఆయన కుడి దండచెయ్యిని మీ కుడిచేత్తో, ఎడమ దండచెయ్యిని మీ ఎడమచేత్తో, భుజానికీ మోచేతికీ సగం దూరంలో పట్టుకోండి. రెండు చేతులనూ తలపైకి తెచ్చి, చెవులకు ఆనించి, తలను మధ్యలో బిగించి పట్టండి. ఆ బిగువు వదలకుండా ముందుకు నడుస్తూ, ఒంటిని నీటి ఒరవడిలో సాగనిచ్చి, మీ వైపుకు తిప్పండి. తల మీ మోచేతి మడత దగ్గరకు వచ్చి, ముఖం పైకి వస్తుంది. ముందుకు కదలకుండా నిలబడి తిప్పితే కాళ్లు కిందికి దిగి నడుము మెలిపడుతుంది. ఇందులో తరచూ జరిగే తప్పు అదే.

ఇప్పుడు ఊపిరి చూడాలి. ఊపిరి లేకపోతే పై కథంతా పక్కన పెట్టండి. మెడ కంటే ప్రాణం ముందు. వీలైనంత తొందరగా గట్టెక్కించి, తల వెనక్కి వంచకుండా దవడను ముందుకు తోసి, రెండు శ్వాసలు ఇచ్చి సీపీఆర్ మొదలుపెట్టాలి. దవడ తోసినా గాలి పోకపోతే తల వంచాల్సిందే. నీళ్లలో మునిగినవాళ్లందరికీ మెడ విరగదు. వాషింగ్టన్ రాష్ట్రంలో మునిగిన 2,244 మంది వివరాలు పరిశీలించిన అధ్యయనం 2001లో వచ్చింది. వాళ్లలో మెడపూస దెబ్బ ఉన్నది 11 మందికి. ఆ 11 మందీ దూకినవాళ్లో, ఎత్తు నుంచి పడినవాళ్లో, వాహన ప్రమాదంలో నీళ్లలో పడినవాళ్లో. కాబట్టి దూకడం, ఎత్తు నుంచి పడటం లాంటివేవీ లేని మునక కేసులో బోర్డు కోసం పరిగెత్తి సీపీఆర్ ఆలస్యం చెయ్యకూడదు.

ఊపిరి ఉంటే బోర్డు తెండి. రెండోవారు బోర్డును కాళ్ల వైపు కొన ముందు నీళ్లలో ముంచి, మనిషి పక్క నుంచి ఏటవాలుగా కిందికి దూర్చి, ఒంటి కిందికి వచ్చాక నెమ్మదిగా పైకి రానివ్వాలి. ఫోమ్ నింపిన బోర్డు చేతి కింద గట్టిగా పైకి తన్నుకొస్తుంది. ఒక్కసారిగా వదిలితే వీపుకు కొట్టుకుంటుంది, ఆ కుదుపు మెడకు పోతుంది. రెండు అరచేతులూ అంచు మీద పెట్టి, నీటి ఒత్తిడికి ఎదురు పట్టి, వీపు మొత్తానికి ఒకేసారి ఆనేలా వదలాలి. తల బోర్డు పైభాగాన ఉండేలా సరిచూసుకున్నాక, మూడోవారు తల పక్కల చేతులు వేసి పట్టుకుంటే మొదటివారు తన పట్టు వదలొచ్చు. ఎవరు పట్టుకున్నారో, ఎవరు వదిలారో పైకి చెప్పుకోవాలి. ‘పట్టుకున్నా’ అనే మాట వినిపించాకే అవతలివారు వదలాలి.

పైన చెప్పిన వరసలో బెల్టులు, తల కట్టాక గట్టెక్కించేటప్పుడు తల వైపు ముందు. ఇద్దరు గట్టు మీది నుంచి పట్టుకుంటే, నీళ్లలో ఉన్నవారు కాళ్ల వైపు నుంచి తోస్తారు. బోర్డు గట్టు అంచు మీద ఒరుసుకుంటూ జారుతూ రావాలి, ఎత్తిపెట్టకూడదు. నీళ్లు గట్టు దాకా నిండి పొంగే ఓవర్‌ఫ్లో కొలనుల్లో ఇది తేలిక. స్కిమ్మర్ కొలనుల్లో నీటిమట్టానికీ గట్టుకూ జానెడు ఎత్తు తేడా ఉంటుంది కాబట్టి తల వైపు ఎక్కువ ఎత్తాలి, మనిషి కాళ్ల వైపుకు జారుతాడు. అలాంటి కొలనులో ఛాతీ బెల్టు చంకల కింద సరిగా లేకపోతే జారిన ఒళ్లు మెడను లాగుతుంది. స్కిమ్మర్ కొలను ఉన్నవాళ్లు బోర్డు కొన్న వారంలోనే, ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి ఈ ఒక్క భాగాన్నీ సాధన చేసి చూడాలి.

గట్టు మీదికి వచ్చాక ఒళ్లు తుడిచి దుప్పటి కప్పండి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల శరీరం తన వేడిని తాను కాపాడుకోలేదు. వాంతి వస్తే తలను మాత్రం పక్కకు తిప్పకూడదు, కట్టి ఉన్న బోర్డుతో సహా మొత్తం మనిషిని పక్కకు ఒరిగించాలి. బెల్టుల బిగువు అసలు పరీక్ష అప్పుడే జరుగుతుంది. బోర్డు మీద ఎక్కువసేపు ఉంచడమూ మంచిది కాదు. స్పర్శ లేని వీపు, పిరుదుల మీద గట్టి పలక ఒత్తిడి తొందరగా పుండ్లు పెడుతుంది, ఊపిరికీ ఇబ్బంది. అమెరికాలో అంబులెన్స్ వైద్యుల సంఘం, సర్జన్ల కాలేజీ ట్రామా కమిటీ 2013లో కలిసి ఇచ్చిన ప్రకటన కూడా బోర్డును ఆచితూచి, తక్కువసేపు వాడమనే చెప్పింది. నీళ్లలోంచి తీయడానికి ఇది సాధనం. అంబులెన్స్ రాగానే వాళ్ల పరుపు మీదికి మార్చడం వాళ్ల నిర్ణయం.

స్కూప్ స్ట్రెచర్ కూడా కొనాలా అని అడుగుతుంటారు. అల్యూమినియం రెండు ముక్కలు, మనిషికి రెండు పక్కల నుంచి దూర్చి కలిపి లాక్ చేసేది. గట్టు మీద జారిపడి నడుము పట్టేసినవాళ్లను పెద్దగా కదపకుండా ఎత్తడానికి ఇది బోర్డు కంటే మేలు. కాని నీళ్లలో మునిగిపోతుంది. కొలనుకు మొదటి కొనుగోలు ఇది కాదు, అకాడమీ స్థాయి అయితే రెండోది కావచ్చు.

పల్లెల్లో వ్యవసాయ బావుల్లో, కాలువల్లో దూకేవాళ్ల విషయం వేరు. బావిలో మెట్ల మీద, బండ మీద, మోటారు పైపు మీద పడతారు. ఎండాకాలం నీటిమట్టం తగ్గిన సంగతి దూకాకే తెలుస్తుంది. కాలువలో పోయినేడు లోతున్న చోట ఈ ఏడు మేటవేసి ఉంటుంది. కాళ్లతో దూకినా ఎత్తు ఎక్కువైతే మడమ ఎముక పగులుతుంది, నడుము దగ్గర మొదటి పూస నలుగుతుంది. రెండూ కలిసి రావడం మామూలే కాబట్టి మడమ నొప్పి అన్నవాడి నడుము కూడా చూడాలి. ఇలాంటి చోట్లకు స్పైన్ బోర్డు చేరదు. ఒక లారీ ట్యూబు, పొడవాటి తాడు, తలను పట్టుకుని వెల్లకిలా తేల్చడం తెలిసిన ఇద్దరు మనుషులు అక్కడ ఎక్కువ పనికొస్తారు. నలుగురు చేతులు కాళ్లు పట్టుకుని, తల వేలాడేస్తూ గట్టెక్కించి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లడం వల్ల వెన్నుపాముకు పాక్షికంగా తగిలిన దెబ్బ పూర్తి దెబ్బగా మారిపోవచ్చు. 108కు ఫోన్ చేసి ‘నీళ్లలోకి దూకాడు, చేతులు కాళ్లు కదలడం లేదు’ అని అదే మాటల్లో చెప్పండి. అప్పుడు వచ్చేవాళ్లు దానికి తగ్గ సామానుతో సిద్ధంగా దిగుతారు.

నిర్వహణ, బిల్లు

బోర్డును పంపు గదిలో తాళం వేసి పెట్టకండి. గట్టు పక్కన, నీడలో, రెండు కొక్కేలకు అడ్డంగా వేలాడదీయండి. ఎండలో ఉంచితే హెచ్‌డీపీఈ రంగు వెలిసి అంచులు పెళుసుబారుతాయి. బెల్టులను పిన్నులకు తగిలించే ఉంచి, చుట్టి, రబ్బరు బ్యాండుతో కట్టండి. వాడిన ప్రతిసారీ, సాధనకైనా సరే, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. క్లోరిన్ ఉప్పులా బిగుసుకుని బకిల్ స్ప్రింగును పట్టేస్తుంది. నెలకోసారి ప్రతి బకిల్‌ను పదిసార్లు తెరిచి మూసి చూడండి, అతుకుల మీద గోరు గీసి చీలికలు వెతకండి, వెల్క్రో ముళ్లలో చిక్కుకున్న పీచును పాత టూత్ బ్రష్‌తో తీసేయండి. రక్తం అంటితే ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత పల్చటి బ్లీచింగ్ ద్రావణం తుడవండి. నేరుగా బ్లీచ్ పోస్తే బెల్టుల దారం బలం పోతుంది.

ధర అడిగేటప్పుడు బోర్డు ఒక్కదానికా, బెల్టులూ హెడ్ బ్లాకులూ కలిపా అని విడివిడిగా రాయించుకోండి. చాలా కొటేషన్లలో పలక ధరే ఉంటుంది, మిగతావి తర్వాత అదనంగా కలుస్తాయి. విడి బెల్టులు, విడి బ్లాకులు రేపు కూడా దొరుకుతాయా అనేది పలక ధర కంటే ముఖ్యం, ఎందుకంటే అరిగిపోయేవి అవే. ఇంకొకటి, మనిషిని మార్చకుండా బోర్డుతోనే అంబులెన్స్ ఎక్కించిన రోజున ఆ బోర్డు ఆసుపత్రి క్యాజువాలిటీ దాకా వెళ్లిపోతుంది. దాని వెనక కొలను పేరు, ఫోన్ నంబరు చెరగని పెయింటుతో రాయించండి, అంబులెన్స్ నంబరు రాసుకోండి, వీలైతే వాళ్ల బోర్డును బదులుగా దించమని అడగండి. అది తిరిగి వచ్చేదాకా కొలను మూసి ఉంచడానికి అసోసియేషన్ ఒప్పుకోదనుకుంటే మొదట్లోనే రెండు కొనండి.